రాజం వచ్చింది

17 జూలై 1957
బడి పంతులునైన నాకే పోస్టాఫీసు కూడా అంటగట్టారు. మోత్కూరు నుంచి మెయిల్ సంచి వచ్చేది బుధవారం మాత్రమే. ఈరోజు అందులో ఈ ఊరికి మొట్టమొదటి మనియార్డరు. మగ్గం వదిలి షోలాపూరు మిల్లుకు పోయిన రాజం పంపాడు, భార్య ఆండాళుకు. మనిషి రాకుండా డబ్బెట్లా వచ్చిందని సాలోళ్ళ వాడంతా బడి అరుగెక్కింది. పాఠం చెప్పనిచ్చారా! సాయంత్రానికి ఊళ్ళో ఒకటే మాట, రాజం వచ్చింది అని.

8 అక్టోబర్ 1958
సగం మగ్గాలు మూతబడ్డాయి. మగవాళ్ళంతా షోలాపూరులోనే. ఎవరు డబ్బు పంపినా ఇప్పుడు దాని పేరు రాజమే. గోపమ్మకు కొడుకు పంపేది కూడా. మా రాజం ఇంక రాలేదా సారూ అని పొద్దున్నే నా ప్రాణం తీసింది. మనియార్డరు అనాలమ్మా అన్నాను. సరే సారూ, మరి మా రాజం ఎప్పుడొస్తది అంది. తల పట్టుకున్నాను.

ఆ మాట అనలేనిది ఆండాళు ఒక్కతే. మొగుడి పేరు నోట పలకకూడదు కదా. స్తంభం చాటున నిలబడి, పేరు బదులు అది అన్నట్టు, గది వచ్చిందా అంటుంది. ఏది, ఏది అని ఆడవాళ్ళు ఆటపట్టిస్తారు. ఆమె సిగ్గుపడి నవ్వుతుంది. నేనూ నవ్వాను.

11 ఫిబ్రవరి 1959
ఆండాళుకు ఈసారీ రాలేదు.

26 ఫిబ్రవరి, రాత్రి
రాజంతో మిల్లులో పనిచేసే జానయ్య షోలాపూరు నుంచి వచ్చాడు. రాజం పోయిన నెలలోనే చనిపోయాడట. దగ్గు, రక్తం, దవాఖాన. ఆడనే కాలవెట్టినం సారూ, ఆమెకు నేనెట్ల చెప్పాలె అని నా ముందు కూలబడి ఏడ్చాడు. ఇద్దరం కలిసి వెళ్ళి చెప్పాం. పిల్లలు కూడా లేరు ఆమెకు.

8 ఏప్రిల్
ఆమె మీద జాలితో ఊరు రాజం అనే మాట మానేసింది. అరుగు మీదికి వచ్చి ఊరికే చేతులు చాపుతున్నారు. మనియార్డరు అనండయ్యా అంటే నోరు తిరగదు.

15 ఏప్రిల్
ఆండాళు వచ్చింది. అందరి ముందూ నన్నే నిలదీసింది. ఆ మాట ఎందుకు బంద్ వెట్టిండ్రు సారూ, నేనైతే ఆ పేరు తియ్యరాదు, మీరు గూడ తియ్యకపోతె ఇంకెవరు తీస్తరు అని. చివరికి గోపమ్మే ఏడుస్తూ, సారూ, మా రాజం వచ్చిందా అని అడిగింది.

ఆ రోజు గోపమ్మకు ఏమీ రాలేదు. సంచి మళ్ళీ ఒకసారి దులిపి చూశాను.

22 ఏప్రిల్
ఆండాళుకు పంపేవాళ్ళు ఎవరూ లేరు. అయినా సంచి వచ్చే వేళకు వచ్చి కూర్చుంది. సంచిలో గోపమ్మకు మనియార్డరు ఉంది, ఆమె నా పక్కనే ఉంది. అయినా గట్టిగా అరిచాను, రాజం వచ్చిందని.