తడి గాలి

బావగారికి,

నిన్న భోజనాల దగ్గర అక్క ముందు నన్నేమీ అనలేక, "ఆ రబ్బరు గొట్టంలో చెమ్మ ఉండుంటుందిలే, అందుకే నీ మీటరు గాలిలో తడి చూపిస్తోంది" అని నవ్వేశారు. మీ మాట కొట్టిపారేయలేదు. ఈ ఉదయం రబ్బరు తీసేసి స్టీలు గొట్టం బిగించి, అంకె కదలకుండా నిలిచేదాకా గాలి వదిలి చూశాను. అదే తడి. చెమ్మ గొట్టంలో లేదు, డైవర్ల కోసం మీరు నింపించిన సిలిండర్లలోనే ఉంది.

"చుక్క నీటికి ఎవరూ చావరు" అని కూడా అన్నారు. ఇంత చలిలో ఆనకట్ట తలుపులు బాగుచేయడానికి దిగినవాళ్లకు ఆ చుక్కే వాల్వులో గడ్డకట్టి గాలి ఆపేస్తుంది. నీళ్ల అడుగున వాళ్ల మాట వినేవాళ్లుండరు.

అందుకే ఆ సిలిండర్లన్నిటికీ వాడొద్దని ఎర్ర చీటీలు కట్టి గదికి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. ఉద్యోగం ఇప్పించింది మీరే, తీసేస్తే తీసేయండి. అక్కతో చెప్పించినా ఇవ్వను.

ఒక్క దారి ఉంది. మీకు నచ్చిన సిలిండరు వీపుకు కట్టుకుని ఆ నీళ్లలోకి మీరే దిగండి. నిన్నటిలాగే నవ్వుతూ పైకొస్తే, మిగతా చీటీలన్నీ నా చేత్తో నేనే విప్పుతాను.

మీ మరదలు