మెజారిటీ మాట వినని ఇంజను

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం పాతకాలపు తంతు అని ఒకసారి మానేస్తే, నాకేదో జ్వరం వచ్చిందనుకుని నువ్వు ఫోను కోసం కొండ దిగి కింది ఊరికి పోయావు. అందుకని సిద్ధాంతాన్ని కాస్త సడలించి మళ్ళీ రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. జుట్టు కత్తిరించుకున్నాను. ఆ రోజు పిన్ని గుమ్మంలో నన్ను ఎగాదిగా చూసి, "ఓహో, మనవాడే" అంది. ఎవరితోనైనా గొడవపడ్డావా అని అడిగావు. లేదంటే నువ్వు ఎలాగూ నమ్మవు. పడ్డాను. ఎవరితో, ఎందుకు అన్నది దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను. ఊళ్ళో అందరి మోకాళ్ళకూ మందు రాసే నర్సువి, నీ మోకాలు ఎలా ఉందో మాత్రం ఒక్క ముక్క రాయవు. ఈసారి రాయి.

ఇక బండి సంగతి. వానలు మొదలయ్యేలోగా కొండ ఎక్కే బండీ, నడిపే మనిషీ దొరక్కపోతే మీ ఆరోగ్య కేంద్రానికి తాళం వేసి, నిన్ను కింద పెద్దాసుపత్రికి మార్చేస్తానని మీ పైఅధికారి అన్నాడని రాశావు. చదవగానే ఒళ్ళు మండిపోయింది. కూర్చున్న చోటనే ఆయన మీద నాలుగు పేజీల కరపత్రం రాసేశాను. అందులో ప్రశ్నార్థకాలే ఒక పేజీకి సరిపోతాయి. బాబాయి శ్రద్ధగా చివరిదాకా చదివి, "బాగుంది నాయనా. నొప్పులొచ్చిన మనిషిని దీనిమీద ఎక్కించుకుని దింపుతావా?" అన్నాడు. దానితో కరపత్రం జేబులో పెట్టుకుని, తాతయ్య పికప్పు మీద పడ్డాం.

దాని సంగతి నీకు తెలియనిదేముంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి, ఇప్పటికీ ఒళ్ళు ఇనుపముక్కే. పాడైందల్లా ఇంజనే. నాలుగు సిలిండర్లలో ఒకటి పని మానేసింది, మిగతా మూడు దానికి సంఘీభావం తెలుపుతున్నాయి. చిన్న మిట్ట వచ్చినా తాగిన నూనంతా పొగగా కక్కి ఆగిపోయేది. అదే సమయంలో తుక్కు దుకాణంలో, అగ్నిమాపక కేంద్రం పారేసిన పాత వ్యాను ఒకటి కంటబడింది. దాని ఇంజనుకు ఒకే వరుసలో ఆరు సిలిండర్లు. మంటలు రోజూ అంటుకోవు కాబట్టి పాపం అది ఎక్కువగా తిరిగిందీ లేదు. తుక్కు దుకాణం ఆయన క్రేను పాడై మూలపడి ఉంటే దాన్ని బాగుచేసి ఇచ్చాం, ఆయన ఇంజను ఇచ్చాడు. ఆ క్రేనుతోనే దాన్ని ఎత్తి తెచ్చుకున్నాం.

పాత యజమాని వదిలేసిన షెడ్డును మేం నలుగురం కలిసి నడుపుతున్నామని నీకు రాశాను కదా. బ్యాటరీలూ వైర్లూ బాబాయివి. లేతు మిషను పెద్దాయనది; ఆయనకు మిషను చప్పుడు తప్ప మనిషి మాట చెవికెక్కదు. ఇంజన్లు నావి. వెల్డింగు చేసే అమ్మాయి నువ్వు వెళ్ళాక చేరింది. నిప్పురవ్వల మధ్య కూడా మెడ నిటారుగా పెట్టుకుని తిరుగుతుందని పెద్దాయన ఆమెకు నిప్పుకోడి అని పేరు పెట్టాడు. మొదట్లో ఆమె వినకుండా అనుకునేవాళ్ళం. ఇప్పుడు పిలిస్తే పలుకుతుంది. మాలో యజమాని లేడు. ఏ పనైనా నలుగురం చేతులెత్తి తేల్చుకుంటాం. అది నేను కరపత్రాలలో చదివి తెచ్చిన పద్ధతి. బాగానే సాగుతోంది. మొన్నొకాయన వచ్చి, "మీ ఓనరును పిలవండి, నాలుగు తిట్టాలి" అంటే నలుగురం వరసగా వచ్చి నిలబడ్డాం. తలా ఒకటి తిట్టడానికి ఆయనకు మనసు రాలేదు.

ఆ పద్ధతే ఇంజను దగ్గర మా కొంప ముంచింది.

ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటే ఇంజను పొడవు పెరుగుతుంది కదా. పాతదానికంటే ఇది జానెడు పైచిలుకు పొడవు. నేను టేపు పట్టి కొలిచి, రేడియేటరుకు రెండు వేళ్ళ సందు మిగులుతుందన్నాను. నిప్పుకోడి మళ్ళీ కొలిచి, మిగలదంది. నేను కొలిచింది ఫ్యాను బిగించకుండా అట. ఫ్యాను పెడితే రెక్కలు రేడియేటరుకు తగులుతాయట. నాకు పౌరుషం వచ్చింది. టైరు మీదికెక్కి, భయం ఎప్పుడూ ముందడుగును వెనక్కి లాగుతుందనీ, సమష్టి సంకల్పం ముందు జానెడు ఇనుము ఎంతనీ మాట్లాడాను. బాగా మాట్లాడానమ్మా. పక్క దుకాణంవాళ్ళు కూడా వచ్చి విన్నారు. తర్వాత చేతులెత్తమంటే బాబాయి ఎత్తాడు, నేను ఎత్తాను. పెద్దాయనకు విషయమేమిటో వినపడలేదు కానీ అందరూ ఎత్తుతున్నారని ఆయనా ఎత్తాడు. ముగ్గురికి ఒకరు. ఇంజను పడుతుందని తీర్మానం నెగ్గింది.

నిప్పుకోడి ముసుగు దించుకుని, ఇంజను కూర్చునే ఇనుప కాళ్ళను మెజారిటీ చూపించిన చోటనే, వెంట్రుకవాసి తేడా లేకుండా అతికించింది. ఆ అతుకు చూస్తే ముద్దొస్తుంది.

గొలుసు కప్పీతో ఇంజను దించాం, బిగించాం. ఫ్యాను పెట్టి తిప్పగానే రెక్కలు రేడియేటరును కరకరా నమిలాయి. నీళ్ళు వచ్చి నా మొహాన కొట్టాయి. పెద్దాయనకు కూడా వినపడేంత చప్పుడు.

నేను నిప్పుకోడి మీద విరుచుకుపడ్డాను. "తప్పని తెలిసీ ఎందుకు అతికించావు?"

ఆమె ముసుగు పైకెత్తి తాపీగా చెప్పింది. "తప్పని చెప్పాను. ఓడిపోయాను. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ తీర్మానాన్ని మనస్ఫూర్తిగా అమలు చెయ్యాలని నువ్విచ్చిన పసుప్పచ్చ కరపత్రంలోనే ఉంది."

జవాబు లేనప్పుడు నేనేం చేస్తానో నీకు తెలుసు. అరిచాను. విద్రోహం అన్నాను, ఇంకా ఏవో అన్నాను. ఆమె చేతి తొడుగులు మేకుకు తగిలించి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. నువ్వు అడిగిన గొడవ ఇదే.

ఇంజనును మళ్ళీ గొలుసుతో పైకెత్తాం కానీ, వెల్డరు లేకపోతే కాళ్ళు కోసి మళ్ళీ అతికించేవాళ్ళు లేరు. కాళ్ళు లేకపోతే ఇంజను గొలుసుకు వేలాడుతూనే ఉంటుంది. పడమట మబ్బులు కమ్ముతున్నాయి. నీ గది తలుపుకు తాళం పడుతున్నట్టు నాకు చెవుల్లో వినపడింది. పిన్ని "నీ సిద్ధాంతంలో క్షమించమని అడగడం నిషిద్ధమా?" అని మాత్రం అడిగి, కూరగాయలు తరగడంలో పడింది.

నిప్పుకోడి ఇల్లు ఒక దర్జీ కొట్టు మీద, ఇరుకు మెట్ల చివర. దారంతా ఆత్మవిమర్శను మూడు అంశాలుగా విభజించుకుంటూ వెళ్ళాను. ఆమె తలుపు దగ్గర నిలబడి వింది. మొదటి అంశం పూర్తిచేసి రెండో దానిలోకి దిగుతుంటే, "ముందు ఊపిరి తీసుకో" అంది. తీసుకున్నాను. తీసుకున్నాక ఆ రెండో అంశం గుర్తుకు రాలేదు. "నాది తప్పు. మా అమ్మకు బండి కావాలి" అన్నాను. మూడో అంశం అక్కర్లేదని చెప్పులు వేసుకుంది.

వచ్చేముందు ఒక షరతు పెట్టింది. కొలత ఉన్నచోట ఓటు ఉండకూడదు. షెడ్డులో సుద్దముక్కతో గోడ మీద రాశాం. ఆ నియమాన్ని కూడా చేతులెత్తే ఆమోదించాం. ఇందులో వైరుధ్యం ఉందని నాకు తెలుసు, నువ్వు మళ్ళీ ఎత్తి చూపకు.

ముందుకు జాగా లేదు కాబట్టి ఇంజనును వెనక్కే జరపాలి. ఇంజనుకూ, మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఉన్న రేకు గోడను కోసి, లోపలికి గూడులాగా కట్టి, చిల్లులు పడిన రేడియేటరుకు మాట్లు వేసింది నిప్పుకోడి. ఇంజను జరిగితే గేరుపెట్టె జరుగుతుంది, దానితోపాటు చక్రాలకు పోయే షాఫ్టుల కొలతలూ మారతాయి. వెనకది పొడవైపోయింది, ముందుది పొట్టిదైపోయింది. పెద్దాయన వెనకదాన్ని కోసి, ఆ ముక్కనే ముందుదానికి కలిపి, లేతు మీద తిప్పి సరిచేశాడు. ఉన్నచోట తీసి లేనిచోట పెట్టడం. నేను ఇన్నేళ్ళుగా నలుగురికీ చెబుతున్నది అదే, ఆయన ఒక్క మాట వినకుండా చేసి చూపించాడు.

నిప్పుకోడి లెక్క కూడా ఒకచోట తప్పింది. రాయకపోతే అన్యాయం అవుతుంది. గేరుపెట్టె వెనక్కి జరిగిందా, గేరు మార్చే ఇనుప కర్ర నేరుగా సీటు నడుమకు వచ్చి నిలబడింది. నువ్వేమో ముందు సీటులో ముగ్గురు పట్టాలన్నావు, నడిపేవాడూ, నువ్వూ, రోగీ. నడుమ కూర్చున్నవాళ్ళు కర్రను ఒళ్ళో పెట్టుకోవాలి. ఆమె దాన్ని చూసి నాలిక కరుచుకుంది. నేను అరవలేదమ్మా. పిన్నికి చెబితే నమ్మలేదు, బాబాయి సాక్ష్యం చెప్పాల్సొచ్చింది. కర్రను ఎర్రగా కాల్చి, తనొక కొస, నేనొక కొస పట్టి, బాతు మెడలాగా ముందుకు వంచాం. ఇప్పుడు ముగ్గురూ హాయిగా పడతారు.

మీ అధికారి చూపించండి అంటే, రాళ్ళ క్వారీకి పోయే నిటారు దారికి రమ్మన్నాం. ముందురోజు వాన పడి దారంతా బురద. వెనక ఇసుక బస్తాలు, వాటి మీద బాబాయి, పెద్దాయన, నిప్పుకోడి. నా పక్కన అధికారి. జేబులో ఆయన మీద రాసిన కరపత్రం. ఆయన ఎలాంటివాడు అనుకున్నావు? గంభీరంగా ఉంటాడనుకున్నాను. ఎత్తులంటే భయమట. ఎక్కుతూనే తలుపు పిడిని రెండు చేతులా పట్టుకుని, అమ్మగారు రోజూ ఇలాంటి దారిలోనే నడిచి వెళ్తారా అని అడిగాడు. అలాంటి మనిషి మీద నాలుగు పేజీలు వృథా అయ్యాయి.

సగం దారిలో వెనక చక్రాలు బురదలో గిర్రున తిరిగి బండి ఆగిపోయింది. అధికారి మెల్లగా, "ఇంతేనా?" అన్నాడు. నాకు కోపం నెత్తికెక్కింది. నోరు తెరవబోతుంటే వెనకనుంచి బాబాయి రేకు మీద తట్టాడు.

"నాయనా, ముందు చక్రాలకు కూడా పని చెప్తావా, వాటికి ఇవాళ సెలవా?"

బయల్దేరే ముందు క్వారీ కూలీలతో పనిగంటల గురించి మాట్లాడుతూ, ముందు చక్రాల తాళాలు తిప్పడమే మరిచిపోయాను. అవి తిప్పకపోతే ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి కానీ బండిని లాగవు. బాబాయి బురదలో దిగి రెండూ తిప్పి, చేతులు ఇసుక బస్తాకు తుడుచుకున్నాడు. నోరు మూసుకుని క్లచ్చు మెల్లగా వదిలాను. అప్పుడు చూడాలమ్మా ఆ ఇంజనును. ఆరు సిలిండర్లూ ఒక్క గొంతుతో, పరుగు లేదు, ఆయాసం లేదు. నిండు గర్భిణి మెట్లెక్కినట్టు నిదానంగా, ఎక్కడా ఆగకుండా పైదాకా ఎక్కింది. పైన అధికారి కిందికి చూడకుండానే, ఈ వానాకాలం కేంద్రం తెరిచే ఉంటుందని చెప్పాడు. నడిపే మనిషి నేనేనని రాసుకున్నాడు. వానలు తగ్గేదాకా షెడ్డులో నా పని బాబాయి చూసుకుంటాడు.

ఇక దాచిన మాట ఒకటి ఉంది. పెళ్ళి అనేది ఆస్తి ఒప్పందమని నేను కరపత్రం వేసి, పిన్ని కూతురి పెళ్ళిలో వచ్చినవాళ్ళందరికీ పంచిన సంగతి నువ్వు మరిచిపోయి ఉండవు. అచ్చుతప్పులు దిద్ది మరీ తిప్పి పంపింది నువ్వే. ఆ సిద్ధాంతం మీద ఇప్పటికీ గౌరవం ఉంది. కానీ క్వారీ మీద, మిగతావాళ్ళు ఇసుక బస్తాలు దించుతుంటే, నిప్పుకోడిని నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగేశాను. ఉపన్యాసం లేదు, అంశాలు లేవు.

ఆమె బోనెట్టు మీది బురద తుడిచింది. "నీతో కలిసి బతకడం నాకు ఇష్టమే. నీ కోపంతో కూడా బతకాలా అన్నదే సందేహం. అది వయసుతోపాటు తగ్గే రకమా, పెరిగే రకమా? నీకు తెలీదు. మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది" అంది.

స్ట్రెచరు బిగించే చట్రాన్ని అక్కడి మంచం కొలతకు అతికించాలి కాబట్టి ఆమె కూడా బండిలో వస్తోంది. పని పేరు అదే. వచ్చేది మాత్రం నిన్ను ఆ ఒక్క ప్రశ్న అడగడానికి. దారిలో వంతులవారీగా నడుపుతాం, నీ మోకాలికి పిన్ని పంపే పట్టీ ఆమె సంచిలోనే ఉంటుంది.

అమ్మా, నాకోసం అబద్ధం చెప్పమని నిన్ను అడగను. అది నా సిద్ధాంతానికి విరుద్ధం, నీ స్వభావానికీ విరుద్ధం. ఆమె అడిగినప్పుడు నిజమే చెప్పు. కాకపోతే ముందు ఆమెను కూర్చోబెట్టి, కాస్త టీ ఇచ్చి, నా చిన్నప్పటి సంగతులతో కాకుండా ఈ మధ్య సంగతులతో మొదలుపెట్టు.

ఇట్లు,
తలుపు అవతల నిలబడి వినబోయే
నీ కొడుకు