బెల్ట్ టెస్ట్‌లో కవలల అల్లరి, నేనన్న మాట

శాన్ రామన్,
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు. చంటికి ముద్దులు. ఇక్కడ రవీ, సహస్రా, నేనూ బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? రోజంతా నిలబడి పాఠాలు చెప్పొద్దని డాక్టరు అన్నాడుగా, క్లాసులో కుర్చీ వేయించుకున్నావా లేదా? నా గురించి బెంగ పెట్టుకోకు. వేళకి తింటున్నాను, బాగానే ఉన్నాను.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలోనే "పోనీలేవే" అనేస్తావు, నేనూ సరేననేస్తాను. ఈసారి మొత్తం చెప్పాలనిపించి కాగితం తీశాను.

షికాగో పక్క షామ్‌బర్గ్ నుంచి ఈ కాలిఫోర్నియాకి వచ్చి ఏడు నెలలైంది. మంచు లేదు, అదొక్కటే సుఖం. కొండలన్నీ ఎండిపోయి గోధుమరంగుకి తిరిగాయి. పగలు ఎండ మాడ్చేస్తుంది, సాయంత్రానికి స్వెటర్ కావాలి. వీధిలో సగం ఇళ్లు మనవాళ్లవే, అయినా చెప్పకుండా తలుపు కొట్టేవాళ్లు లేరు. అక్కడ పై ఫ్లాట్ లక్ష్మిగారు పెరుగు తోడుకని వచ్చి గంట కూర్చునేవారు. ఇక్కడ ఆఫీస్, ఇల్లు, సహస్ర క్లాసులు, అంతే.

సహస్ర పోయినసారి కరాటేలో గ్రీన్ బెల్ట్ టెస్ట్ తప్పిందని చెప్పాను కదా. పదకొండేళ్ల పిల్ల, ఆ రాత్రే మళ్లీ మొదలుపెట్టింది. అప్పట్నించి రోజూ సోఫా పక్కకి జరిపి హాల్లో ప్రాక్టీస్. నిన్న మళ్లీ టెస్ట్.

ఒక స్కూల్ జిమ్‌లో పెట్టారు. మధ్యలో చాపలు, చుట్టూ మడత కుర్చీల్లో తల్లిదండ్రులు. పిల్లలు ఒక్కొక్కరే చాప మీదికి వెళ్లి, ఎదురుగా ఎవరూ లేకుండానే, నేర్చుకున్న దెబ్బలూ మలుపులూ వరస తప్పకుండా చేసి చూపించాలి. మధ్యలో గట్టిగా "కియాయ్" అని ఒక అరుపు. చూసేవాళ్లు చప్పుడు చెయ్యకూడదు.

మా వెనక వరసలో ఒకావిడ, పక్కన నాలుగేళ్ల కవలలు, ఒక పాప, ఒక బాబు. గంటన్నర కూర్చున్నారు పాపం, ఇక వాళ్ల వల్ల కాలేదు. కుర్చీల కింద దూరారు. వరసల మధ్య పరుగెత్తారు. చాప మీద పిల్లలు కాలు విసిరితే వీళ్లూ విసిరారు, ఒక పెద్దాయన కాఫీ ఆయన ఒళ్లోనే ఒలికింది. అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఇక్కడ నోటితో అనరు, చూపుతోనే అంటారు. ఆవిడ రెండుసార్లు "కూసోండి బిడ్డా, అయిపోతది" అంది. తర్వాత నుదుటి మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

సహస్ర వంతు వచ్చింది. సగం దాకా ఎంత బాగా చేసిందో! చెయ్యెత్తి నిలబడింది, అంతలో ఆ పిల్లలిద్దరూ ఒకేసారి "కియాయ్" అని అరిచారు. జిమ్ అంతా మోగింది. కొందరు నవ్వారు కూడా. సహస్ర బిగుసుకుపోయింది. మాస్టారు "పర్వాలేదు, మొదట్నించి చెయ్యి" అన్నారు. మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేసింది. కానీ నాకు ఒళ్లు మండిపోయింది.

లేచి వెళ్లి, "పిల్లల్ని కూర్చోబెట్టలేకపోతే బయటికి తీసుకెళ్లండి. వీళ్లవల్ల అందరూ ఇబ్బంది పడుతున్నారు" అన్నాను, ఇంగ్లీషులో. ఆవిడ తెలుగావిడని తెలుసు, విన్నాను కదా. అయినా ఇంగ్లీషులోనే అన్నాను. తెలుగులో అయితే ఎక్కడో ఒకచోట "అమ్మా" అనో "అండీ" అనో అనాల్సొస్తుంది.

ఆవిడ లేచింది. ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది. పాప "ఐ వాంట్ టు సీ అక్క" అని ఏడుస్తూనే ఉంది. ఆ మాట నా బుర్రకెక్కలేదు. నిజం చెప్పాలంటే, పక్కాయన నాకు థాంక్స్ చెబితే గర్వంగా కూడా అనిపించింది.

ఇంకో ఇద్దరి తర్వాత వైష్ణవి అని ఎనిమిదేళ్ల పిల్లని పిలిచారు. చాప మధ్యకి వచ్చి, వంగి దండం పెట్టి, మా వెనక వరస వైపు చూసింది. మూడు ఖాళీ కుర్చీలు. అటు చూసింది, ఇటు చూసింది, తలుపు వైపు చూసింది. మాస్టారు మొదలుపెట్టమన్నా కదల్లేదు.

ఆ పాప ఏడ్చింది ఈ అక్క కోసమని అప్పుడు తెలిసింది అక్కా. "రెండు నిమిషాలాగండి, వాళ్లమ్మ బయటుంది" అని మాస్టారికి చెప్పి పార్కింగ్‌లోకి పరుగెత్తాను.

కారు నీడలో కింద కూర్చుని పిల్లలకి ద్రాక్షపళ్లు పెడుతోంది. "మీ పాపని పిలిచారమ్మా, రండి" అన్నాను. గబుక్కున లేచి, మళ్లీ ఆగిపోయింది.

"వీళ్లను ఏం జెయ్యాలె? లోపలికి తీస్కపోతే మళ్ల..."

"నేను చూసుకుంటాను. మీరు వెళ్లండి."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. ఆవిడ స్థానంలో నేనుంటే నాలాంటిదానికి పిల్లల్ని అప్పజెప్పేదాన్ని కాదు. ఆవిడ అప్పజెప్పి పరుగెత్తింది.

బాబు టైరు వెనక్కి దాక్కున్నాడు. పాప దగ్గరికి రాదు. నేనూ కిందే కూర్చుని, "ఇందాక అరిచారే, అదెలాగో నాకూ నేర్పరూ?" అన్నాను. చాలాసేపటికి పాప రహస్యం చెప్పినట్టు మెల్లగా "కియాయ్" అంది. లోపల్నించి చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి, ఎవరికో తెలియలేదు. మాస్టారు సహస్ర నడుముకి గ్రీన్ బెల్ట్ కట్టింది ఆ చప్పట్లలోనేనట. నేను చూడలేదు. రవి వీడియో తీశాడు, పంపిస్తాను. వైష్ణవి కూడా పాసైంది.

ఆవిడ పేరు మాధవి, కరీంనగర్. భర్త వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్లి మూడు నెలలుగా అక్కడే ఇరుక్కుపోయాడు. ముగ్గురు పిల్లల్ని వేసుకుని ఫ్రీవే మీద ఒక్కతే డ్రైవ్ చెయ్యడం నిన్నే మొదలు.

కార్‌లో సహస్రతో, "ఆ పిల్లలు అరవకపోతే మొదటిసారే బాగా చేసేదానివి" అన్నాను.

"నో అమ్మా. వాళ్లు అరిచే ముందే నేను మర్చిపోయా. నెక్స్ట్ స్టెప్ రాలేదు. వాళ్లు అరిచారు కాబట్టే మళ్లీ చాన్స్ ఇచ్చారు."

ఇంటికి రాగానే మాస్టారిని అడిగి మాధవి నంబరు తీసుకున్నాను.

ఈ ఉదయం మాధవికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. "దాంట్ల ఏమున్నది అక్కా, నేనైనా అట్లనే అంటుంటి" అంది. తర్వాత, "తెలుగుల అంటే పిల్లలకు సగమే సమజయ్యేది. ఇంగ్లీష్‌ల అన్నరు గద, మొత్తం సమజైంది. ఆ ఆంటీకి మనమంటే ఇష్టం లేదా అని మా వాడు రాత్రి అడిగిండు" అంది.

వచ్చే శనివారం వాళ్ల నలుగురినీ భోజనానికి పిలిచాను. వస్తామన్నారు. నువ్వు ఇన్నేళ్లుగా ఒకటో తరగతి చూస్తున్నదానివి. ఆ కవలల్ని కూర్చోబెట్టడం ఎలాగో నాకొద్దు, ఏం ఆడించాలో రాయి. ఆ బాబు నా దగ్గరికి రావాలని దీవించు. అమ్మమ్మగారికీ, పక్కింటి పిన్నిగారికీ నా నమస్కారాలు చెప్పు.

నీ చెల్లెలు,
సుధ