ముప్పై ఏడో పోగు

హుజూరాబాద్,
మంగళవారం.

పూజ్యురాలైన అవ్వకు,

నీ చిన్న కొడుకు ముత్తయ్య నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం కుశలం. భివండిలో నీవు, అన్న, వదిన, కావ్య కూడా అట్లే ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో చెబితే సగం నీకు వినబడదు, మిగతా సగం నేను చెప్పను. అందుకే ఈ ఉత్తరం. కావ్యా, ఒక్క మాట వదలకుండా మీ బాపమ్మకు చదివి వినిపించు.

నీవు మూడు సంగతులు అడిగావు. నీ కోడలు మమతారాణి మోకాలి నొప్పి తగ్గింది. వంటింటి కప్పు కురవడం ఆగింది. మూడోదానికి ముందు కొంత చెప్పవలసి ఉంది.

బాపు గళ్ల కాగితం మీద గీసిన చీర అంచులను నేను ఇంటర్నెట్ పేజీగా కట్టాను కదా. రాత్రిబడిలో చదివి పట్టా తెచ్చుకున్నవాణ్ణి. ఎవరినీ అడగకుండా, పుస్తకం చూసి, పోగుకొక గడి చొప్పున కట్టాను. పేజీ ఎట్లా కనబడాలో నియమాలున్నాయి. బ్రౌజర్లన్నీ వాటిని పాటించాలి. పాటించవు. మగ్గం మారితే పువ్వు మారదు. బ్రౌజర్ మారితే మాత్రం అంచే మారుతుంది. నా కంప్యూటర్‌లో గడిని గడి ఆనుకొని ఉన్న అంచు, మన చేనేత సంఘంవాళ్ల పాత ఫోన్లలో నడుమ నడుమ తెల్లగా సందులు విడిచింది. మూడు వారాలు కూర్చున్నాను. ఒకదాంట్లో సరిచేస్తే ఇంకొకదాంట్లో చెడింది.

అదే సమయంలో సంఘం ఒక పాత అంచును మళ్ళీ నేయించాలనుకున్నది. సంఘం పెద్ద బక్కయ్య కాక తన ఫోన్‌లో బాపు అంచు చూసి అందరి ముందు అన్నాడు:

"మీ బాపు ఎన్నడన్న గింత సందు ఇడిసిండా? గిది నేసిన బట్టనా, ఎలుక కొట్టిన బట్టనా?"

"కాకా, తప్పు నాది కాదు. గా బ్రౌజర్‌ది."

"అయితే గా బ్రౌజరయ్యను పిలిపియ్యి. జర నాలుగు మాటలు అడుగుత."

అందరూ నవ్వారు. ఇరవై ఏండ్ల కింద పోయిన బాపు పనితనం మీద పడిన నవ్వు అది. నేను ఓర్వలేకపోయాను.

అవ్వా, ఇప్పుడు మూడో సంగతి. కావ్య ఫోన్‌లో పేజీ చూసి "నడుమ నా ఎర్రపోగు ఏదిరా?" అని అడిగావు. నేనే తీసేశాను. ఆ ఫోన్ల తెర వెడల్పు ముప్పై ఆరు గళ్లకు సమంగా తెగుతుంది. నీ పోగుతో కలిపితే ముప్పై ఏడు, దానికి తెగదు. పెండ్లయిన ఏడాది, దిష్టి తగలకుండా ఒక్క పోగు ఎక్కువ ఉండాలని నీవు పట్టుబట్టి బాపు చేత వేయించిన పోగు అది. దాన్ని తీయగానే సందులు పోయాయి. సంఘంవాళ్లు మెచ్చుకున్నారు, ఆ అంచునే ఎంచుకున్నారు. నేను శాలువా కప్పించుకున్నాను కూడా.

నీ ఉత్తరం వచ్చేసరికి పడుగు మగ్గమెక్కింది. నిన్న పొద్దున సంఘానికి పోయి నిజం చెప్పాను. బక్కయ్య కాక నిలదీశాడు:

"గిది ముందుగాల చెప్పొద్దా?"

"చెప్పాలె కాకా. చెప్పలే."

"ఫోన్ కోసం మీ అవ్వ పోగు తెంపినవ్. శాలువ కప్పుకున్నంక గిప్పుడు చెప్తవా?" అని తిట్టి, లోపలికి పోయి ఎర్ర నూలు కండె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఎక్కిన పడుగులో కొత్త పోగు చేర్చాలంటే ఎట్లాగో నీకు తెలుసు. నడుమన పోగులు జరిపి తోవ చేసి, పోగు ఎక్కించి, బిగువు కోసం వెనుక కొసకు ఒక చిన్న రాయి కట్టి వేలాడదీశాం. నాలుగు వేళ్ల బట్ట నేసి చూశాం. ఒక్క సందు లేదు.

పేజీలో కూడా నీ పోగును తిరిగి పెట్టాను. కావ్య ఫోన్‌లో చూడు, కనబడుతుంది. దాని పక్కన సందు కూడా కనబడుతుంది. మగ్గం ఒప్పుకున్నది, బ్రౌజర్ ఇంకా ఒప్పుకోలేదు. నవ్వేవాళ్లను నవ్వనీ. శాలువా తిరిగి ఇచ్చేశాను.

నన్ను తిట్టాలనిపిస్తే కావ్య చేత రాయించు. ఫోన్‌లో వద్దు.

ఇట్లు,
నీ పోగు తెంపి, మళ్ళీ అతికిన
నీ చిన్న కొడుకు
ముత్తయ్య