అవ్వ దించని బిడ్డ

చిత్తూరు,
బుధవారం.

లోహితమ్మా,

పక్క గదిలో ఉన్న కూతురికి ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఎదురుగా చెప్పడానికి నోరు రావడం లేదు.

నిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ, మీ ఇంట్లో ఎవరికైనా కాన్పు తర్వాత ఇలా దిగులు పట్టుకుందా అని అడిగింది. నువ్వు నోరు తెరిచేలోపే, "మా ఇంట్లో ఎవురికీ లేదమ్మా" అనేశాను. అది అబద్ధం.

నువ్వు పుట్టాక మూడు నెలలు నాకూ అలాగే ఉండింది. నువ్వు ఏడుస్తుంటే ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టుండేది. ఎత్తుకోబుద్ధి అయ్యేది కాదు. బాలింతకు గాలి సోకిందని తాయెత్తు కట్టారు. "బయట తెలిస్తే పిచ్చిదంటారే" అని మీ అవ్వ భయపడింది. పగలంతా నిన్ను తన ఒళ్ళోనే పెట్టుకునేది. చూడవచ్చినవాళ్ళతో, "మనవరాలిని దించబుద్ధి కాలేదు, ఏం చేసేది?" అని నవ్వేది. అవ్వ నిన్ను కింద దించనే లేదని మనం మురిసిపోతూ చెప్పుకునే మాట వెనకున్నది ఇదే.

మొన్న నువ్వు "నేనేం తల్లినమ్మా" అని ఏడ్చినప్పుడే ఇది చెప్పి ఉండాల్సింది. నా సిగ్గు నన్ను ఆపింది.

శుక్రవారం మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఉండిందమ్మా, నాకే ఉండిందని నేనే చెప్తాను. అంతవరకూ పాప నా దగ్గర ఉంటుంది, నువ్వు నిద్రపో. ఎవరైనా అడిగితే నా కూతురికి బాగలేదు, నయమవుతుందని చెప్తాను. సాకులు చెప్పను.

నాలుగో నెలలో నిన్ను మొదటిసారి ఎత్తుకుని, ఇంకా దించని
మీ అమ్మ