నూనె అంగట్లో నేనన్న మాట

1962, శ్రావణ శుక్రవారం, రాత్రి

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు పడవల్లా ఊగుతున్నాయి. కళ్లు మూసుకుంటే మళ్లీ పోయిన వారం నేను పడిన సూళ్లూరుపేటలోని ఆ నూనె అంగడే. ఒలికిన నూనె మీద కాలు జారి, నేల తగిలేదాకా పులికాట్ సరస్సు నీళ్లలో తేలుతున్నట్టే ఉంది.

ఈరోజు ప్లీడరుగారితో వెళ్లి నష్టపరిహారం అడిగితే, అంగడాయన ఒకటే మాట: "పడినాక నవ్వతా లేచినావు కదమ్మా. ఏం కాలేదని నువ్వే అంటివి, అందరూ విన్నారు."

అన్నాను. అంతమంది మగవాళ్ల ముందు చీర సర్దుకుంటూ ఇంకేమంటాను? మణికట్టు విరిగిందని ఇంటికొచ్చాకే తెలిసింది. వల అల్లే చెయ్యి.

"కోర్టులోనూ ఆ మాటే పట్టుకుంటారమ్మా," అన్నారు ప్లీడరుగారు.

ఇందాక దీపం జరపబోతే ఆ చెయ్యి మంచానికి తగిలింది. ప్రాణం పోయినంత పనైంది. పక్కగదిలోంచి అత్త, "ఏమైంది మే?" అంది.

"ఏం కాలేదత్తా," అన్నాను.