ఈ పేరుగల వారు ఈ ఇంట్లో ఉన్నారు

నారాయణఖేడ్,
20 ఆగస్టు 2023

నా ప్రియమైన కొడుకు నెహెమ్యాకు,

మీ నాయిన సంగయ్య గుండె నిండా సంతోషంతో రాస్తున్న ఉత్తరం. నేను, కోడలు హన్నమ్మ, మనవరాలు రోజ, ముగ్గురం బాగున్నాం. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని ముంద్రా రేవులో నీ తోటి క్రేన్ డ్రైవర్లు నవ్వుతున్నారట కదా. నవ్వనీ. ముప్పై ఎనిమిదేండ్లు పోస్ట్‌మ్యాన్‌గా ఉత్తరాలు మోసి నిన్ను పెంచినవాణ్ణి. ఫోన్‌లో నాకు సంతోషం సగమే బయటికొస్తుంది.

దేవునికి స్తోత్రం బిడ్డా! హన్నమ్మ పౌరసత్వం అర్జీ కలెక్టరాఫీసులో తీసుకున్నారని తెలిసిన దినం గల్లీ అంతా బెల్లం పంచాను. పక్కింటి రామవ్వ రెండుసార్లు తీసుకుంది. ఏడేండ్లు! వీసా పొడిగింపు కోసం హైదరాబాద్ పోయినప్పుడల్లా ఆ ఆఫీసు మెట్ల మీద పిల్ల నా చెయ్యి పట్టుకునేది. "ఈసారి పొమ్మంటే ఎట్ల మామా?" అనేది. "ఎవడు పొమ్మనేది? నేను లేనా?" అనేవాణ్ణి గాని, లోపల నాకూ అదే భయం.

మస్కట్ నుంచి నువ్వు ఆమెను తెచ్చిన దినం గుర్తొస్తోంది. ఎక్కడి ఫిలిప్పీన్స్, ఎక్కడి ఖేడ్! ఇంటికొచ్చిన కోడలికి కొత్త పేరు పెట్టడం మన ఇంటి రివాజు గనుక, పాస్టరయ్యతో ప్రార్థన చేయించి మా అమ్మ పేరే పెట్టుకున్నాను. హన్నమ్మ! ఆమెకు ఇంకో పేరుందన్న సంగతే ఊళ్లో ఎవరికీ తెలియదు. మొదట్లో జొన్నరొట్టె తడితే చేతిలోనే ముక్కలయ్యేది. ఇప్పుడు ఆమె రొట్టె చూపించి రామవ్వ తన కోడళ్లను తిడుతోంది.

నేను రిటైరైనా డ్యూటీ వదల్లేదు. మన గల్లీకి ఇప్పుడు దుర్గాభవాని అనే కొత్త అమ్మాయి ఉత్తరాలు తెస్తోంది. ఎవరి ఇల్లు ఎక్కడో తెలియక నన్నే అడుగుతుంది. మొన్న వానకు తడిసి, ఇంటి నంబరు చెరిగిపోయిన రిజిస్టరీ ఉత్తరం ఒకటి తెచ్చి పేరు చదివింది. అట్లాంటి మనిషి ఈ గల్లీలో లేదని చెప్పి వాపసు కొట్టించాను. ఈ వయసులో కూడా సర్కారుకు పనికొస్తున్నాను, చూడు!

గడపలో కూర్చుని నీ దారి చూసే
నాయిన

*

ముంద్రా,
8 సెప్టెంబరు 2023

ప్రియమైన నాయినకు,

ఈ సంగతి ఫోన్‌లో చెబితే పక్కనే ఉన్న హన్నమ్మ వింటుంది. అందుకే స్పీడ్ పోస్టులో రాస్తున్నాను.

నిన్న కలెక్టరాఫీసుకు ఫోన్ చేశాను. పాస్‌పోర్టులో ఉన్నట్టు మరీసెల్ బౌటిస్టా పేరు మీద వాళ్లు నోటీసు పంపారట. "ఈ పేరుగల వారు లేరు" అని రాసి పోస్టువాళ్లు తిప్పి పంపారట. అంటే మనం చెప్పిన ఇంట్లో ఆమె ఉండడం లేదనే కదా వాళ్లకు అర్థం! ఈ నెల ఇరవై తొమ్మిది లోపల ఆమె స్వయంగా పోయి, ఆ ఇంట్లోనే కాపురం ఉంటున్నట్టు రుజువులు చూపించాలి. లేకపోతే అర్జీ మూసేస్తారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి నాయినా. రోజ పుట్టినప్పటి నుంచి ఆమె ఎదురుచూసేది ఈ ఒక్కదాని కోసమే.

నాకు సెలవు దొరకడం లేదు. నువ్వే తీసుకుపో. తిప్పి పంపిన ఆ పోస్టమ్మాయి మీద పై ఆఫీసుకు ఫిర్యాదు రాసి పంపాను. ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేయడం నేర్చుకుంటుంది.

నీ కొడుకు
నెహెమ్యా

*

నారాయణఖేడ్,
30 సెప్టెంబరు 2023

ప్రియమైన బిడ్డ నెహెమ్యాకు,

ముందు ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. తప్పు ఆ పిల్లది కాదు. నాది.

నీ ఉత్తరం మొగులప్ప హోటల్లో కూర్చుని చదివాను. ఆ పేరు దగ్గర ఆగిపోయాను. ఎక్కడ విన్నాను, ఎక్కడ విన్నాను అనుకుంటుంటే చాయ్ చల్లారిపోయింది. అప్పుడు తట్టింది. మన గడపలోనే, దుర్గాభవాని నోటి నుంచి విన్నాను. "గసొంటి పేరు మన గల్లీల లేదు బిడ్డా, నాకు తెల్వదా? వాపస్ కొట్టు" అన్న నోరు నాదే. మనూర్ దాకా ఏ తండాలో ఎవరి ఇంటిపేరేమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. నా పొయ్యి దగ్గర రొట్టె తట్టే పిల్ల పేరు నాకు తెలియలేదు. వీసా ఆఫీసులో కాగితాలు ఆమే చూసుకునేది, నేను బయట మెట్ల మీదే కూర్చునేవాణ్ణి.

ఇంటికి పోయి హన్నమ్మకు అంతా చెప్పాను. పాస్‌పోర్టు తీసి గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకుంది. అంతే.

తర్వాత దుర్గాభవానిని పట్టుకున్నాను. నీ ఫిర్యాదు వల్ల సంజాయిషీ అడిగారట. "నాదే పొరపాటు" అని రాసిచ్చిందట!

"నా పేరు ఎందుకు రాయలేదే?" అన్నాను.

"రిటైరైనోళ్లని అడిగి డ్యూటీ చేస్తున్నవా అని ఇంకో నోటీసు ఇస్తరు కాకా. నాకు ఒక్కటి సాలు," అని నవ్వింది. "అయినా నీ మొఖం జూస్కుంట గా మాట ఎట్ల రాయాలె?"

పరాయి బిడ్డ నా పరువు కాపాడింది. అది చాలు, నాకు నిద్ర పట్టకుండా చేయడానికి. మర్నాడే వాళ్ల ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను.

ఇరవై ఆరున అందరం సంగారెడ్డి కలెక్టరాఫీసుకు పోయాం. రామవ్వ వచ్చింది. మొగులప్ప హోటల్ మూసి వచ్చాడు. దుర్గాభవాని సెలవు పెట్టి మరీ వచ్చింది. ఆఫీసరు నా కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు.

"పెద్దాయనా, నువ్వు పోస్ట్‌మ్యాన్ చేసినవా? నీ కోడలి పేరు నీకే తెల్వదా?"

"తెల్వలేదు సారూ. తప్పు నాది. పిల్ల మాత్రం ఏడేండ్ల నుంచి నా ఇంట్లనే ఉన్నది," అన్నాను.

రామవ్వ ఊరుకుంటుందా? "అవ్ సారూ! మా ఇంట్ల కాన్పయితే పొద్దుగాల్నే వచ్చి నీళ్లు పోసింది గీమెనే. కాయితంల పేరు గాదు, మనిషిని జూడు!" అంది. ఆఫీసరు నవ్వాపుకుని ముగ్గురి వాంగ్మూలాలూ తీసుకున్నాడు. ఫైలు మళ్లీ కదిలింది బిడ్డా!

తిరుగు బస్సులో హన్నమ్మ కిటికీలోంచి చూస్తూ మెల్లగా అంది: "మామా, ఇయ్యాల ఆఫీసుల నా పేరు పెట్టి పిలిచిండ్రు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడు తప్ప గా పేరు నాకు ఇనబడదు."

కోపంగా అనలేదు. ఖేడ్ వచ్చేదాకా ఆ పేరు నోట్లో నానబెట్టుకుంటూ కూర్చున్నాను. బస్సు దిగేటప్పుడు అన్నాను: "మరీసెల్, సంచి ఇటియ్యి." చప్పున తలతిప్పి చూసింది.

క్షమాపణతో,
నాయిన

*

ముంద్రా,
12 అక్టోబరు 2023

ప్రియమైన నాయినా,

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. దుర్గాభవానికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "పోనీ అన్నా, మీ ఇంట్ల రొట్టె తిని మాఫ్ చేసిన" అంది.

నిన్ను అనడానికి నాకు నోరు లేదు. మస్కట్‌లో ఎవరైనా ఆ పేరు పిలిస్తే వినాలని, ఆమె పనిచేసే ఆసుపత్రి కౌంటర్ దగ్గర గంటలకొద్దీ నిలబడేవాణ్ణి. మన ఊరొచ్చాక అందరితోపాటు నేనూ హన్నమ్మ అనడం అలవాటు చేసుకున్నాను. నిన్న ఫోన్‌లో పాత పేరుతో పిలిచాను. "మామ నీకంటే ముందే పిలిచిండు" అంది.

నీ
నెహెమ్యా

*

నారాయణఖేడ్,
16 మార్చి 2025

నా ప్రియమైన, నా బంగారు బిడ్డ నెహెమ్యాకు,

వచ్చింది! పౌరసత్వం పట్టా చేతికొచ్చింది! ఫోన్‌లో నువ్వు విన్న కేకలు చాలవు, మళ్లీ రాస్తున్నాను.

ఎవరెవరికి దండం పెట్టాలో తెలియడం లేదు. పోలీసాయన విచారణకు వచ్చిన దినం పేరు పూర్తిగా చదవకముందే రామవ్వ వాకిట్లోంచి అరిచింది: "మరీసెల్లా? గా పచ్చ తలుపే!" గల్లీలో చిన్నపిల్లలకు కూడా ఆ పేరు వచ్చేసింది. ప్రమాణం చేసే దినం ఆమె ఒక్క మాట తప్పలేదు. పుట్టిన దేశం పాస్‌పోర్టు వదులుకున్న సాయంత్రం వాళ్లమ్మ ఫోన్‌లో ఏడ్చింది. నేను ఫోన్ తీసుకున్నాను. నా భాష ఆమెకు రాదు, ఆమె భాష నాకు రాదు. "మరీసెల్, మరీసెల్" అన్నాను. ఆ తల్లి కూడా అదే అంది. ఇద్దరం అదొక్కటే మాట్లాడుకున్నాం.

మన కోసం ఆ పిల్ల ఎంత విడిచిపెట్టిందో చూడు. దానికి బదులు నేనేమివ్వగలను? నాకు తెలిసిన పని ఒక్కటే. పెద్ద పోస్టాఫీసుకు పోయి, దుర్గాభవాని చేత ఇంగ్లీషులోనూ రాయించి, మన ఇంటి చిరునామాకే ఒక రిజిస్టరీ వేశాను. మరీసెల్ హన్నమ్మ బౌటిస్టా అని. హన్నమ్మ ఉంచమని ఆమే అడిగింది. "గది కూడ నాదే మామా, తీసెయ్యకు" అంది. లోపల ఒకే ముక్క రాశాను: "బిడ్డా, ఈ ఇల్లు నీది."

నిన్న పొద్దున గడపలో ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. దుర్గాభవాని సైకిల్ దిగి గల్లీ అంతా వినబడేలా అడిగింది: "కాకా! గీ పేరు మీ ఇంట్ల ఉన్నదా, వాపస్ కొట్టాల్నా?"

నేను నోరు తెరిచేలోపే మరీసెల్ పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. "నేనే. ఇటియ్యి," అని సంతకం పెట్టింది. రసీదు మీద జొన్నపిండి వేలిముద్ర పడింది. దుర్గాభవాని దులపకుండానే సంచిలో పెట్టుకుంది.

రెండు పేర్లున్న బిడ్డకు ఒక్కగానొక్క మామ,
నీ నాయిన
సంగయ్య